కొండ బూటు, కడలి గాలి

నిట్టనిలువు రాళ్ల మీద నడిచే మనిషికి కావలసింది జారని అడుగు, కదలని మడమ, ఊడని కుట్టు. వేటగాళ్ల కోసం పుట్టిన ఈ బూటు ఇప్పుడు అడవిని కాచేవాళ్లకు, కొండలెక్కేవాళ్లకు పనికొస్తోంది. పుదుచ్చేరి లాంటి సముద్రపు ఊళ్లో దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి?

పుదుచ్చేరి ఊళ్లో కొండ లేదు. బీచ్ రోడ్డు మీద నిలబడి ఎటు చూసినా సముద్రం, లేకపోతే చదును నేల. కానీ పడమటికి సుమారు 70 కిలోమీటర్లు వెళితే చెంజి వస్తుంది. రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి అనే మూడు కొండలను కలుపుతూ కట్టిన కోట అది. రాజగిరి ఎత్తు దాదాపు 240 మీటర్లే. కానీ ఇంటి కప్పంత గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని, పిక్కలు పట్టేసేంత నిలువుగా ఉంటుంది. బొబ్బిలి యుద్ధంతో తెలుగువాళ్లకు గుర్తుండిపోయిన బుస్సీ, దానికి ఆరేళ్ల ముందే, 1750 సెప్టెంబరులో, ఫ్రెంచి సేనలతో ఒక్క రాత్రిలో ఈ కోటను పట్టుకున్నాడు. పుదుచ్చేరిలో ఆయన పేరుతో ఉన్న వీధిని ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి అంటున్నారు. 2025 జులైలో మరాఠా సైనిక దుర్గాల వరసలో చెంజికి యునెస్కో గుర్తింపు వచ్చింది.

చెంజి దాటితే తిరువణ్ణామలై వైపు పర్వతమలై ఉంది. ఇనుప ఊచలు, గొలుసులు పట్టుకుని ఎక్కాల్సిన కొండ అది. ఆ పైన జవ్వాదు కొండలు, ఏలగిరి. ఉత్తరానికి వెళ్తే మన నగరి, శేషాచలం. ఇన్ని కొండలకు వెళ్లేవాళ్లు బూట్లు కొనేది మాత్రం సముద్రపు ఊళ్లో. ఈ కథనమంతా ఆ ముడి చుట్టూనే తిరుగుతుంది.

వేట పోయింది, నడక మిగిలింది

నిటారు కొండల కోసం తయారయ్యే గట్టి బూట్లను ప్రపంచమంతటా 'హంటింగ్ బూట్లు' అనే అమ్ముతారు. మన దేశంలో ఆ వేట లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు మీద చేసే వేట కూడా ఆగిపోయింది. చంపడమే కాదు, ఎర పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం కూడా చట్టం దృష్టిలో వేటే. మనుషుల ప్రాణాలకు ముప్పు లాంటి కొన్ని ప్రత్యేక సందర్భాల్లో అధికారులిచ్చే అనుమతి తప్ప వేరే దారి లేదు. అలా ఉండడమే మంచిదని నా గట్టి నమ్మకం. కెన్నెత్ ఆండర్సన్ 1954 నాటి తన పుస్తకంలో మనిషిమాంసం మరిగిన పులి కథకు వేదిక చేసుకున్న చామల లోయ మన భాకరాపేట అడవుల్లోదే. ఇప్పుడక్కడ తుపాకి పట్టుకుని తిరిగేవాళ్ల అవసరం లేదు. ఎర్రచందనాన్ని, జంతువులను కాచేవాళ్ల అవసరం ఎంతో ఉంది.

వేటగాడి కాలికి కావలసినవన్నీ ఆ కాపలాదారుకూ కావాలి. దారి లేనిచోట నడవాలి, బరువు మోయాలి, చప్పుడు చేయకూడదు, వాలులో గంటల తరబడి నిలబడాలి, పొదల్లో రక్తపింజరి ఉందో లేదో తెలియకుండానే అడుగు వేయాలి. పక్షుల కోసం కెమెరా మోసే వాళ్లకూ అంతే. తమిళనాడు అటవీశాఖ 2024 అక్టోబరులో 40 దారులతో మొదలుపెట్టిన 'ట్రెక్ తమిళనాడు' వల్ల పుదుచ్చేరి నుంచి కూడా అనుమతి తీసుకుని కొండలకు వెళ్లడం తేలికైంది.

లైసెన్సుతో వేట సాగే దేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఒక్క మాట. ఉదాహరణకు కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. బూటు గురించి కింద చెప్పేవన్నీ మీకూ వర్తిస్తాయి. కొలరాడో లాంటి పొడి ప్రాంతాల్లో తేమ గురించి చెప్పేది తప్ప. అక్కడి పొడిగాలి మీ అదృష్టం.

ముందు రాయి, తర్వాత అడుగు

బూటు కొనేముందు ఏ రాతి మీద నడవబోతున్నారో తెలుసుకోండి. చెంజిలో ఉన్నవి గాలికీ వానకూ నున్నబడిన పెద్ద గుండ్లు. వాటి మీద నిలబెట్టేది రబ్బరు పట్టు. మెత్తటి రబ్బరు రాతిని అంటుకుంటుంది, గట్టి రబ్బరు జారుతుంది. శేషాచలంలో ఉన్నది క్వార్ట్‌జైట్. విరిగినచోట కత్తి అంచులా ఉంటుంది. మెత్తటి అడుగును నాలుగు నడకల్లో చెక్కేస్తుంది, తోలును ముక్కు దగ్గర చీరేస్తుంది. అక్కడ గట్టి రబ్బరు, ముక్కు చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న బూటు కావాలి. జవ్వాదు కొండల ఎర్రమట్టి తడిసినప్పుడు ఇంకో కథ. అడుగున ఉండే గట్లు లోతుగా, ఎడంగా ఉంటేనే మట్టి అంటుకోకుండా రాలిపోతుంది. దగ్గర దగ్గరగా ఉంటే మట్టి ఇరుక్కుని అడుగంతా నున్నటి పలకైపోతుంది.

ఈ రబ్బరు గట్ల వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లోని పుంటా రాసికా శిఖరం మీద ఆరుగురు పర్వతారోహకులు మంచుతుపానులో చిక్కుకుని చనిపోయారు. అప్పట్లో కొండ మొదలు దాకా ఇనుప మేకులు కొట్టిన బరువైన బూట్లతో నడిచి, నిలువు రాతి దగ్గర తేలికపాటి జోళ్లకు మారేవారు. ఆ తేలిక జోళ్లు చలికీ మంచుకూ ఆగలేదు. మేకుల బూట్లేమో నున్నటి రాతి మీద నిలవవు, ఇనుము గుండా కాలి వేడి పోతుంది. ఆ బృందంలోనే ఉన్న విటాలే బ్రమాని, రెండు పనులకూ ఒకే అడుగు ఎందుకు ఉండకూడదని పట్టుబట్టాడు. టైర్ల కంపెనీ పిరెల్లి సాయంతో గట్లున్న రబ్బరు అడుగును తయారుచేసి 1937లో పేటెంటు తీసుకున్నాడు. తన పేరులోని అక్షరాలతోనే దానికి విబ్రమ్ అని పేరు పెట్టాడు. 1954 జులై 31న కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ జట్టు కాళ్లకు ఉన్నది అదే అడుగు. ఈనాడు ఆదివారం సంతలో దొరికే చవక బూటు అడుగున కనిపించే అడ్డగట్లు కూడా ఆ నమూనాకు నకళ్లే. రూపం నకలు చేయడం తేలిక, రబ్బరు నాణ్యత నకలు చేయడం కష్టం. గోటితో గట్టు అంచును నొక్కి చూడండి. కొంచెం లోపలికి దిగి వెంటనే పైకి రావాలి. రాయిలా దిగకపోయినా, దిగి అలాగే ఉండిపోయినా వద్దు.

అడుగు వంగే తీరు కూడా చూడాలి. మడమను ఒక చేత్తో, ముక్కును ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. మధ్యలో వంగితే లోపల బద్ద లేనట్టే. అలాంటి బూటుతో రాతి అంచు మీద నిలబడితే పాదం అలిసి వణుకుతుంది. 1683 నుంచి తోలుపని చేస్తున్న బవేరియా కుటుంబ సంస్థ మైండ్ల్ బూట్లను బిగువును బట్టి ఎ నుంచి డి దాకా తరగతులుగా విడదీసింది. ఎ అంటే చదును నేల, డి అంటే మంచుగోడ; ఎబి, బిసి ఆ తరగతుల మధ్యవి. ఐరోపా కొండ వేటగాళ్లు ఎక్కువగా బి, బిసి వాడతారు. చెంజికీ జవ్వాదుకూ ఎబి సరిపోతుందని, బరువు మోస్తూ దారి లేని శేషాచలంలో తిరిగేవాళ్లు బి దాకా వెళ్లవచ్చని నా అభిప్రాయం. అంతకు మించితే మన ఎండలో అనవసరపు బరువే. కాలికి 100 గ్రాములు పెరిగితే నడకకు ఖర్చయ్యే శక్తి దాదాపు ఒక శాతం పెరుగుతుంది. పొద్దున తెలియదు, మధ్యాహ్నం దిగేటప్పుడు తెలుస్తుంది.

తోలు సంగతి

తోలు విషయంలో మనవాళ్లకు చెప్పుకోదగ్గ వారసత్వం ఉంది. తంగేడు చెక్కతో లందలో ఊరబెట్టి తోలు శుద్ధిచేసిన చేతులు తెలుగు పల్లెల్లో తరాలుగా కిర్రుచెప్పులు కుట్టాయి. ఆ పని చేసినవాళ్లకు ఊరు ఇచ్చిన చోటు ఊరి బయటే. ఆ అన్యాయాన్ని పక్కనపెట్టి తోలు గొప్పతనం గురించి రాయడం సరికాదు. అదే తోలును ప్రయోగశాలకు తెచ్చి దేశానికి పేరు తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సింది యలవర్తి నాయుడమ్మ గారిని. 1922లో తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టి, 1958లో చెన్నై అడయారులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో మనకు దూరమయ్యారు. పుదుచ్చేరి నుంచి మూడు గంటల దూరంలో ఉన్న ఆ సంస్థ, నాలుగు గంటల దూరంలో ఉన్న ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి కలిసి ఈ ప్రాంతాన్ని దేశంలోనే పెద్ద తోలు కేంద్రాల్లో ఒకటిగా నిలిపాయి.

బూటు పైతోలుకు క్రోమ్‌తో శుద్ధి చేసిన తోలే మంచిది. తడిసి ఆరినా గట్టిపడదు, వేడికి తొందరగా ముడుచుకోదు, బూజు కూడా త్వరగా పట్టదు. చెట్టుచెక్కతో శుద్ధి చేసిన తోలు బిగువుగా ఉండి పాదం ఆకారాన్ని పట్టుకుంటుంది కాబట్టి లోపలి అట్టకు బాగుంటుంది. పైతోలు జంతువు చర్మపు పైపొరతో, అంటే ఫుల్ గ్రెయిన్‌తో ఉండాలి. కింది పొరను చీల్చి ప్లాస్టిక్ పూత పూసినది చూడ్డానికి ఇంకా నునుపుగా మెరుస్తుంది. బొటనవేలితో నొక్కితే నిజమైన పైపొర మీద సన్నని ముడతలు విచ్చుకుంటాయి. పూత తోలు మీద ఒకే మడత పడుతుంది.  గట్టి కొండబూటుకు మందం 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్లు. మనకు 2 మిల్లీమీటర్లున్నా చాలు.

నీరు చొరబడని పొర ఉన్న బూట్ల గురించి ఒక మాట. చల్లటి దేశాల్లో లోపలి చెమట ఆవిరి బయటికి పోతుంది. ఎందుకంటే బయట చల్లగా, పొడిగా ఉంటుంది. పుదుచ్చేరిలో బయటి గాలే చెమట పట్టి ఉంటుంది. ఆవిరి పోవడానికి చోటేదీ? పై నుంచి నీరు దిగిందంటే మాత్రం రెండు రోజులైనా ఆరదు. ఈశాన్య రుతుపవనాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నడిచేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ పొరకు డబ్బు పెట్టనక్కర్లేదు.

బూటు అలమరలో చనిపోతుంది

ఈ ఊరివాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఇక్కడ బూట్లు రాళ్ల మీద అరిగి పోవడం తక్కువ. అలమరలో కూర్చుని పోవడమే ఎక్కువ. నాలుగేళ్ల కింద కొని రెండుసార్లు వేసుకుని పెట్టెలో దాచిన ఖరీదైన జత, చెంజి మెట్ల మీద అరగంటలో అడుగు విడిచేస్తుంది. చూస్తే మధ్యపొర పాతబడిన రస్కులా పొడిపొడిగా రాలుతుంది. కొన్నవాళ్లు కంపెనీ మోసం చేసిందనుకుంటారు. కారణం రసాయనికం.

తోలుకూ రబ్బరు అడుగుకూ మధ్య ఉండే మెత్తటి పొర చాలా బూట్లలో పాలియూరిథేన్‌ది, అంటే పీయూది. అందులో పాలియెస్టర్ రకానికి నీటి ఆవిరి శత్రువు. గాలిలోని తేమ ఆ పదార్థపు గొలుసుల్లోకి చేరి ఒక్కొక్క లంకెనూ తెంపుతుంది. వేడి తోడైతే ఇంకా వేగంగా తెంపుతుంది. వేడీ తేమా రెండూ పుష్కలంగా ఉన్న సముద్రతీరంలో ఆ పని ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు సాగుతుంది. రోజూ వేసుకునే బూటులో ఆ పొర నొక్కుకుంటూ వదులుతూ ఉంటే లోపలి తేమ కొంత బయటికి పోతుంది. అందుకే దాచిన బూటు కంటే వాడే బూటు ఎక్కువకాలం బతుకుతుంది.

కాబట్టి కొనేటప్పుడు మొదట తయారైన నెల, సంవత్సరం చూడండి. నాలుక లోపల గానీ పెట్టె మీద గానీ ఉంటుంది. భారీ తగ్గింపుతో అమ్మే పాత స్టాకు పీయూ బూటు ఈ ఊళ్లో బేరం కాదు, నష్టం. మధ్యపొర దేనితో చేశారో అడగండి. ఈవీఏ అనే ఫోమ్ అయితే తేమకు విరగదు, కాకపోతే బరువుకు త్వరగా చదునవుతుంది. పాలియీథర్ రకం పీయూ తేమకు బాగా తట్టుకుంటుంది. మధ్యపొర లేకుండా తోలు, అట్ట, రబ్బరు కలిపి కుట్టిన వెల్టు బూటు అన్నిటికన్నా నమ్మకమైనది. బరువుగా ఉంటుంది, మొదట కాలిని సతాయిస్తుంది. కానీ అడుగు అరిగితే విప్పి కొత్తది కుట్టించుకోవచ్చు.

అతికించిన అడుగుకు వేడి ఇంకో గండం. మే నెలలో కారు డిక్కీలో బూట్లు వదిలేస్తే జిగురు మెత్తబడి అంచు దగ్గర నోరు తెరుస్తుంది. కొత్త బూటు కొనగానే బజారులో చెప్పులు కుట్టే అతని దగ్గర సైడు కుట్టు వేయించడం మనవాళ్లకు అలవాటు. ఆరెతో పొడిచి మైనపు దారం లాగి వేసే ఆ కుట్టు, అడుగు అంచు గోడలా పైకి లేచి తోలును పట్టుకున్న బూటుకు నిజంగానే ఆయుష్షు పోస్తుంది. మధ్యలో ఫోమ్ ఉన్న ట్రెక్కింగ్ బూటుకు మాత్రం వేయించకండి. దారం ఫోమ్‌ను కోస్తుంది, నీరు ఆపే పొరకు రంధ్రాలు పడతాయి. కుట్టే అతన్నే అడిగితే బూటు వంచి చూసి చెప్తాడు. ఆ చేతుల అనుభవాన్ని నమ్మండి.

కాలికి కొలత

1750లో చెంజి రాళ్లెక్కిన ఐరోపా సైనికుల బూట్లకు కుడి ఎడమల తేడా ఉండేది కాదు. రెంటినీ ఒకే తిన్నని ఫర్మా (పాదం అచ్చు) మీద కుట్టేవారు. ఆ తేడా వచ్చాక కూడా మన కాళ్లకు న్యాయం జరగలేదు. మనం ఇన్నాళ్లూ కొన్నవన్నీ బ్రిటిష్, ఐరోపా, అమెరికా కొలతలే. 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మనవాళ్ల పాదాలు ముందు భాగంలో వెడల్పు ఎక్కువని తేలింది. ఆ కొలతలతో 'భ' అనే భారతీయ సైజు పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు చాలక చాలామంది ఒక సైజు పెద్దది కొని తాడు బిగించి కట్టుకుంటున్నారని కూడా ఆ సర్వేలో కనిపించింది. రోడ్డు మీద అది సర్దుకుపోతుంది. నిటారు వాలులో సర్దుకుపోదు. ఎక్కేటప్పుడు మడమ లేచి బొబ్బలొస్తాయి, దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు ముక్కుకు గుద్దుకుంటాయి. గోళ్లు నల్లబడేది ఎక్కినప్పుడు కాదు, దిగినప్పుడే.

పొడవు కాదు, వెడల్పు వెతకండి. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బిన తర్వాత, కొండకు వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. కాటన్ సాక్సు వద్దు. చెమట పీల్చుకుని చర్మాన్ని నానబెడుతుంది. సన్నని ఉన్ని గానీ సింథటిక్ గానీ మేలు. తాడు కట్టకుండా పాదాన్ని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. కట్టిన తర్వాత వేలు పట్టకూడదు. ఆ తర్వాత దుకాణం మెట్లు దిగండి. మెట్టు అంచున వేళ్లు కిందికి వాలేలా నిలబడి శరీరం బరువంతా వేయండి. బొటనవేలు తగిలితే ఆ జత ఎంత అందంగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. కొండబూట్లు వేసి చూసే ఓపిక దుకాణదారుకు లేకపోతే దుకాణం మార్చండి.

కొత్త తోలు బూటును నేరుగా కొండకు తీసుకెళ్లకూడదు. ఊళ్లో వాలు లేదు కాబట్టి, వాహనాలు ఆపేసే సాయంత్రం వేళల్లో బీచ్ రోడ్డు మీద రోజూ ఒక గంట నడవండి. ఆ తర్వాత మీ అపార్ట్‌మెంటు మెట్లు, వీపున నాలుగైదు కిలోల సంచితో. రెండు మూడు వారాల్లో తోలు మీ కాలికి లొంగుతుంది. ఇసుకలోకి మాత్రం దిగకండి. ఉప్పు తోలును ఎండగడుతుంది.

ఏది కొనాలి

బజారులో చవకగా దొరికే ఆలివ్ రంగు క్యాన్వాసు హంటర్ బూటును చిన్నచూపు చూడకండి. పోలీసులు, అటవీ సిబ్బంది దానితోనే ఎన్నో కొండలు తిరిగారు. తేలిక, చప్పుడు చేయదు, తడిసినా తెల్లారేసరికి ఆరుతుంది, మధ్యపొర లేదు కాబట్టి తేమకు రాలిపోదు. కాలికి ఆసరా తక్కువ, పదునైన రాయి అడుగులోంచి తెలుస్తుంది, పాము కోరలను ఆపుతుందన్న భరోసా లేదు. అప్పుడప్పుడు చెంజికి వెళ్లేవాళ్లకు అది చాలు. సైన్యం వాడే డీఎంఎస్ బూటులో రబ్బరు అడుగును తోలుకు నేరుగా పోత పోస్తారు కాబట్టి ఊడదు. బరువు ఎక్కువ, నున్నటి రాతి మీద పట్టు తక్కువ. ఫ్యాక్టరీల్లో వాడే స్టీలు ముక్కు సేఫ్టీ షూలతో కొండెక్కేవాళ్లను చూస్తుంటాను. దయచేసి వద్దు. దిగేటప్పుడు ఆ ఇనుప టోపీ వేళ్లను నలిపేస్తుంది.

నెలకు రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లు చీలమండ దాటి రెండంగుళాలు పైకి ఉండే తోలు ట్రెక్కింగ్ బూటు కొనండి. తాడు కొక్కేలు ఇత్తడివో, పూత గట్టిగా ఉన్నవో చూసుకోండి. ఇనుపవైతే ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలో తుప్పు పడతాయి. కుట్టు దారం నైలాను గానీ పాలియెస్టరు గానీ కావాలి. నూలు దారం తేమకు చీకుతుంది.

అటవీశాఖ బేస్ క్యాంపుల్లో వారాల తరబడి ఉండే వాచర్ల సంగతి వేరు. వాళ్లకు ఏడాదికి ఒక జత అని లెక్కపెట్టి టెండరులో తక్కువ ధరకు వచ్చినది ఇవ్వడం తగదు. కొలత తీసి, వెడల్పు చూసి, అడుగు మార్పించుకోగలిగే బూటు ఇవ్వాలి. తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత ఉండాలి. రాత్రిపూట క్వార్ట్‌జైట్ అంచుల మీద పరుగెత్తే మనిషికి బూటు దుస్తుల ఖర్చు కింద రాసే వస్తువు కాదు, పనిముట్టు.

ఇంటికొచ్చాక

కొండ నుంచి వచ్చిన రాత్రే తాళ్లు విప్పి, లోపలి అట్ట బయటికి తీయండి. మట్టిని తడిగుడ్డతో తుడిచి, పాత న్యూసుపేపరు కుక్కి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టండి. పేపరు తడిసినప్పుడల్లా మార్చండి. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యరు పెట్టకండి. తోలు పగులుతుంది, జిగురు వదులుతుంది. పూర్తిగా ఆరాక మైనం ఉన్న క్రీము పలచగా రాయండి. కుట్ల మీద కొంచెం ఎక్కువ. నూనె మాత్రం వద్దు. తోలు మెత్తబడి చీలమండ దగ్గర కూలిపోతుంది. బూజు కనిపిస్తే తెల్ల వెనిగరులో సగం నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వండి.

ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టడమే అన్నిటికన్నా చెడ్డపని. గాలి ఆడే అరలో, సిలికాజెల్ పొట్లాలతో ఉంచండి. కొండకు వెళ్లకపోయినా పదిహేను రోజులకోసారి వేసుకుని కూరగాయల మార్కెట్ దాకా నడిచి రండి. పెద్ద ప్రయాణానికి మూడు వారాల ముందు అడుగును రెండు చేతులా వంచి, మధ్యపొర పక్కల్లో సన్నని పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి. పగులు కనిపిస్తే ఆ జతను కొండకు తీసుకెళ్లకండి. మూడు వారాల వ్యవధి ఉంది కాబట్టి అడుగు మార్పించుకోవచ్చు, లేదా ఇంకో జతను కాలికి అలవాటు చేసుకోవడం మొదలుపెట్టవచ్చు.